పడవకు నిగారింపు తెచ్చే యంత్రం: చౌకలో మంచి ఎంపిక

పాత ఫైబర్‌గ్లాస్ పడవను తక్కువ ధరకు కొన్నవారికి మొదట కనిపించే లోపం వెలిసిపోయిన రంగు. చేతితో రాస్తే వేళ్లకు సుద్దవంటి పొడి అంటుకొంటుంది. దీనిని తొలగించడానికి చేతిబలం చాలదు. విద్యుత్తుతో నడిచే పాలిషింగు యంత్రం కావాలి. అయితే ఏ యంత్రం కొనాలో తేల్చుకొనే ముందు ఆ పొడి ఎక్కడిదో తెలుసుకోవడం మేలు.

పడవ పైన కనిపించేది మామూలు రంగు కాదు. రంగుపొడి కలిపిన పాలియెస్టర్ రెసిన్ పూత. దీనిని జెల్‌కోట్ అంటారు. దీని మందం సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, ఆక్సిజన్, తేమ కలిసి రెసిన్ అణువుల గొలుసులను తెంచివేస్తాయి. అప్పుడు పట్టు కోల్పోయిన రంగు రేణువులు పొడిగా రాలుతాయి. పాలిషింగు అనగా ఈ చెడిన పొరను సన్నని రాపిడి రేణువులతో అరగదీసి, క్రింది మంచి పొరను బయటపెట్టడమే. అరిగిన పూత తిరిగి రాదు. కావున యంత్రానికి వేగం కన్న అదుపు ముఖ్యం.

బజారులో లభించే యంత్రాలు ప్రధానంగా మూడు రకాలు. రోటరీ యంత్రంలో ప్యాడ్ ఒకే ఇరుసుపై గిర్రున తిరుగుతుంది. బాగా చెడిన పూతను ఇది త్వరగా తీసివేస్తుంది. కాని ఒకేచోట నిలిపితే వేడికి పూత కమిలిపోతుంది. అంచులవద్ద అరిగి అడుగునున్న గాజునార బయటపడుతుంది. డ్యూయల్ యాక్షన్ యంత్రంలో ప్యాడ్ తన చుట్టూ తాను తిరుగుతూనే చిన్న వృత్తంలో పరిభ్రమిస్తుంది. అందువలన వేడి ఒకచోట చేరదు, సుడిగీతలు తక్కువగా పడతాయి. పని మాత్రం నిదానం. ఇక కార్లకు మైనం పూయడానికి అమ్మే చవక ఆర్బిటల్ యంత్రం సుద్దపొరను తీయలేదు.

పెట్టెపై ముద్రించిన ఆంపియర్లు యంత్రం వాడుకొనే విద్యుత్తును తెలుపుతాయి గాని పనితనాన్ని కాదు. చూడవలసినవి వేరు. రోటరీ అయితే నిమిషానికి 1000 చుట్లకు లోపల కూడా నెమ్మదిగా నడవగలగాలి. అదిమినప్పుడు వేగం పడిపోకుండా నిలిపే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఉండాలి. నిమిషానికి పదివేల చుట్లు తిరిగే యాంగిల్ గ్రైండరును ఎన్నడూ ఇందుకు వాడరాదు. డ్యూయల్ యాక్షన్ అయితే విశాలమైన పడవ ప్రక్కలకు 8 మిల్లీమీటర్ల కంటె 15 మిల్లీమీటర్ల కక్ష్య గలది అనుకూలం. ఇతర కంపెనీల ప్యాడ్లు కూడా సరిపోతాయా, గంటల తరబడి అడ్డంగా పట్టుకొనడానికి బరువు అనువుగా ఉందా అన్నవి కూడా గమనించాలి.

కొత్తవారికి, కొద్దిగా వెలిసిన పడవకు డ్యూయల్ యాక్షన్ క్షేమకరం. బాగా సుద్దబారిన పడవకు రోటరీపై ఉన్నిప్యాడ్, తరువాత నురుగుప్యాడ్ అవసరమవుతాయి. ఏది కొన్నా మృదువైన పాలిషుతో, కంటికి ఆనని మూలలో మొదట పరీక్షించాలి.

చివరిగా ఒక హెచ్చరిక. వైరుతో నడిచే యంత్రాన్ని నీటిపైనున్న పడవలో వాడరాదు. పడవను ఒడ్డుకు చేర్చి, లీకేజి కరెంటును పసిగట్టి సరఫరాను ఆపివేసే సాకెట్టుకే యంత్రాన్ని తగిలించాలి. కళ్లద్దాలు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. పని ముగిసిన తరువాత మైనం పూసి, ఎండ తగలకుండా కప్పి ఉంచితే అర మిల్లీమీటరు పూత ఎన్నో ఏళ్లు నిలుస్తుంది.