పాత భవనముల మరమ్మతు – ప్రజాప్రతినిధుల అజమాయిషీ

పాత ప్రభుత్వ భవనమును బాగుచేయుటకు ప్రజాధనము వ్యయమగునప్పుడు లెక్క అడుగవలసిన బాధ్యత ప్రజాప్రతినిధులది. పంచాయతీ సభ్యులకు ఇది క్రొత్త సంగతి కాదు. అయితే ఆ భవనము ప్రతినిధులు కూర్చొను సభాభవనమే అయినచో ఏమి జరుగునో, లండను నగరపు ఉదాహరణముతో వివరింపగోరుచున్నాము.

బ్రిటిషు పార్లమెంటు సమావేశమగు వెస్టుమినిస్టరు భవనము 1834లో చాలభాగము దగ్ధమైపోగా మరల నిర్మింపబడినది. అందలి గడియార స్తంభము ఎత్తు 96 మీటర్లు. దాని పెద్దగంటయే లోకమెరిగిన ‘బిగ్ బెన్’. 1859 నుండి మ్రోగుచుండిన ఆ గంటను, ప్రత్యేక సందర్భములందు తప్ప, 2017 ఆగస్టులో మరమ్మతు కొరకు ఆపివేసిరి.

2016లో వేసిన అంచనా 2 కోట్ల 90 లక్షల పౌండ్లు. మరుసటి యేడే అది 6 కోట్ల 10 లక్షలకు పెరిగినది. ఉభయసభల ఆర్థిక సంఘములు అసంతృప్తి తెలిపి, ఇట్లేల జరిగెనో వివరము కోరినవి. 2020లో మరి 1 కోటి 86 లక్షలు కావలసివచ్చినది. ఈ అంకెలకు నవ్వుకొనువారు తమ గ్రామ పాఠశాల గోడకు వేసిన అంచనాను ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక!

రెండవ ప్రపంచయుద్ధమున బాంబుల వలన కలిగిన నష్టము, ఆస్‌బెస్టాసు మున్నగునవి స్తంభమును విప్పి పరీక్షించిన పిదప గాని పూర్తిగా బయటపడలేదు. సత్రము పైకప్పు పెంకులు దించినప్పుడే గదా వాసములు పుచ్చిన సంగతి మనకును తెలియుట! కావున ఎంత అగునని అడుగుటకు ముందే, ఏయే భాగములు విప్పి చూచి ఈ లెక్క కట్టితిరని సభ్యుడు అడుగవలెను. పని సగములో నున్నప్పుడు అడిగినచో, అదనపు సొమ్ము మంజూరు చేయుట తప్ప వేరుదారి యుండదు.

స్తంభము పని 2022లో ముగిసినది. మిగిలిన భవనము సంగతి వేరు. బాగుచేయు కాలమున తాము వెలుపలికి పోవుటకు కామన్సు సభ 2018లో సమ్మతించినది. 2019లో శాసనము చేసి, పనిని పర్యవేక్షించుటకు ప్రత్యేక సంస్థను నెలకొల్పిరి. 2022లో దానిని రద్దుచేసిరి. 1861లో ఏర్పడిన అచ్చటి ప్రభుత్వ లెక్కల సంఘము (మన శాసనసభలలోని అట్టి సంఘములకు అదియే మాదిరి) 2023లో ఈ విషయమును విచారించినది. కప్పు కారుచున్నదనియు, రాళ్ళు ఊడిపడుచున్నవనియు, అగ్నిభయము కలదనియు హెచ్చరించినది. నిర్ణయము వాయిదాపడుచుండగా, తాత్కాలికపు మరమ్మతులకే వారమునకు సుమారు 20 లక్షల పౌండ్లు వ్యయమగుచుండినవి.