చూస్తేనే పండగ... మరి ఫోటాన్ సంగతి?

మస్కట్: రంజాన్ 29వ రోజు సాయంత్రం ఒమన్‌లో ఉన్న మనవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. రేపు సెలవా, డ్యూటీయా? రువిలో షాపు తీయాలా, వద్దా? నెలవంక కనిపించిందో లేదో ఔకాఫ్, ధార్మిక వ్యవహారాల మంత్రిత్వ శాఖ ప్రకటించేదాకా రేపటి రోజు అటూ కాదు, ఇటూ కాదు. ఇక్కడ నెలవంకను చూడటానికే ప్రాధాన్యం. అందుకే ఒక్కోసారి పక్కనే ఉన్న దుబాయ్‌లో పండగైపోతుంటే ఇక్కడ ఇంకా ఉపవాసమే. 2023లో అక్కడ ఏప్రిల్ 21న, ఇక్కడ 22న. 2025లో అక్కడ మార్చి 30న, ఇక్కడ 31న. ఆ రెండుసార్లూ హైదరాబాద్‌కూ మనకూ ఒకేరోజు వచ్చింది లెండి!

చూసేదాకా రెండూ నిజమే, చూశాక ఒకటే నిజం. క్వాంటం ఫిజిక్సు చెప్పేది కూడా ఇదేనని చాలామంది అనుకుంటారు. ఐన్‌స్టీన్‌కే ఈ గొడవ మింగుడు పడలేదు. నేను చూసినప్పుడే చంద్రుడు ఉంటాడా అని తోటి శాస్త్రవేత్త అబ్రహాం పైస్‌ను నిలదీశారట.

చంద్రుడి మటుకు చిక్కేం లేదు. 2025 మార్చి 29న అమావాస్య ఘడియ మన టైము ప్రకారం మధ్యాహ్నం దాదాపు 3 గంటలకు వచ్చింది. పొద్దుగూకేసరికి నెలవంకకు మూడున్నర గంటల వయసైనా లేదు. అది ఎక్కడుందో లెక్క ముందే తేలిపోయింది. మనం చూసినా చూడకపోయినా చంద్రుడు అక్కడే. తెలియనిది మనకే. మన చూపుతో మారేది క్యాలెండరు, చంద్రుడు కాదు.

కాంతి రేణువైన ఫోటాన్ అలా కాదు. అక్కడ తెలియనిది మనకు మాత్రమే కాదు, అడిగేదాకా జవాబే తయారై ఉండదు. ఈ రెంటినీ కలిపేయడం వల్లే సగం గందరగోళం.

మూడు అద్దాల తమాషా

మస్కట్ ఎండకు చలవ కళ్లజోడు లేనిదెవరికి? వాటిలో పోలరైజ్డ్ రకం మూడు అద్దాలు సంపాదించండి. సూర్యుడి వైపు మాత్రం చూడొద్దు, ఇంట్లో బల్బు చాలు. ఒక అద్దాన్ని నిలువుగా పెడితే సగం వెలుగు వస్తుంది. దానిమీద రెండోదాన్ని అడ్డంగా తిప్పి పెడితే చీకటే. ఇప్పుడు రెండింటి మధ్యలోకి మూడో అద్దాన్ని ఏటవాలుగా, 45 డిగ్రీల్లో దూర్చండి. వెలుగు మళ్లీ వస్తుంది! అద్దాలు లోపం లేనివైతే మొదటి వెలుగులో ఎనిమిదో వంతు.

జల్లెడ మీద జల్లెడ పెడితే పిండి తగ్గాలి గానీ పెరుగుతుందా? పెరిగిందంటే అద్దం జల్లెడలా ఊరికే వడకట్టడం లేదన్నమాట. మొదటి అద్దం దాటిన ఫోటాన్ పక్కాగా నిలువు. కానీ దాన్నే ‘నువ్వు కుడి ఏటవాలా, ఎడమ ఏటవాలా?’ అని అడిగితే రెండూ సమపాళ్లలో కలిసి ఉంటాయి. సూపర్‌పొజిషన్ అంటే ఇదే. మధ్య అద్దం ఆ ప్రశ్న అడుగుతుంది. సగం దాటతాయి. దాటినవి ఏటవాలుగా మారిపోయి, తాము నిలువన్న సంగతే మరిచిపోతాయి. అందుకే అడ్డం అద్దంలోంచి మళ్లీ సగం బయటపడతాయి.

కాంతిని అలగా తీసుకుంటే పాత ఫిజిక్సు కూడా ఈ లెక్క చెబుతుంది, నిజమే. కానీ ఫోటాన్లను ఒక్కొక్కటిగా పంపినా సగటున అదే ఎనిమిదో వంతు. ఒక్క ఫోటాన్ ముక్కలవదు. దాటుతుంది, లేదా ఆగిపోతుంది. ఏది ఆగుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు.

ఈ కథలో మనవాడొకరున్నారు. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం సి.వి.రామన్‌తో కలిసి 1931లో ఫోటాన్‌కు స్పిన్ ఉందని ప్రయోగంతో చూపారు. పోలరైజేషన్‌కు మూలం ఆ స్పిన్నే. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆయన ప్రొఫెసర్‌గా పనిచేశారు.

చూసేది కన్ను కాదు

గమనించారా, ఇందాక ప్రశ్న అడిగింది మనిషి కాదు, గాజుముక్క. గదిలో ఎవరూ లేకున్నా ఫలితం అదే. ‘గట్టిగా అనుకుంటే వాస్తవం మారుతుంది, క్వాంటమే రుజువు చేసింది’ అంటూ వచ్చే వాట్సప్ ఫార్వార్డులు ఇక్కడే తప్పటడుగు వేస్తాయి. ఊళ్లో అప్పు తీర్చడానికి ఇక్కడ ఎండలో పనిచేస్తున్న తమ్ముడికి, ‘నువ్వు సరిగ్గా అనుకోలేదు, అందుకే అప్పు తీరలేదు’ అని చెప్పడమంటే పుండు మీద కారం చల్లడమే. అందుకు ఫిజిక్సును సాక్ష్యంగా పిలవడం మరీ అన్యాయం.

నిజానికి తాకిన గాలి అణువు, కాస్త వేడి, దారితప్పిన ఒక్క ఫోటాన్ చాలు, సూపర్‌పొజిషన్ చెదరడానికి. 2025లో ప్రకటించిన అమరావతి క్వాంటం వ్యాలీ కోసం ఐబీఎం ఇస్తామన్నది 156 క్యూబిట్ల యంత్రం. అలాంటి యంత్రంలోని చిప్‌ను మైనస్ 273 డిగ్రీలకు అంగుళం దూరంలో, గాలి లేని డబ్బాలో ఉంచుతారు. లెక్క పూర్తయ్యేదాకా దాన్ని ఏదీ ‘చూడకుండా’ కాపలా కాయడమే అక్కడి ఇంజినీర్ల పనిలో పెద్ద భాగం.