పనెతేలా – చుట్ట

వస్తువు దేశాంతరం పోయినప్పుడు ఒక్కొక్కసారి తన పేరును వెంట తీసుకొనిపోతుంది. ఒక్కొక్కసారి చేరినచోటనే కొత్త పేరు ధరిస్తుంది. పొగాకు చుట్ట ఈ రెండింటికీ నిదర్శనం.

సన్నగా, పొడవుగా ఉండే ఒక తరగతి చుట్టకు ‘పనెతేలా’ అని పేరు. ఇది స్పానిష్ పదం. దానికి ఇటాలియన్ ‘పనతెల్లా’, దానికి రొట్టె అనే అర్థం గల లాటిన్ ‘పానిస్’ మూలాలు. స్పానిష్‌లో ఇది రొట్టెపొడిని మాంసరసంలో ఉడికించిన జావకు పేరు. అమెరికా ఖండపు స్పానిష్‌లో సన్నని పొడవాటి బిస్కత్తుకూ పేరైనది. జావకు ఆకారం లేదు గనుక చుట్టకు ఆ పేరు జావనుండి రాలేదు. బిస్కత్తు ఆకృతివలన వచ్చినది. మూడు చుట్టలను జడవలె పెనవేసిన దానిని ‘కులేబ్రా’ అంటారు. ఆ మాటకు పాము అని అర్థం. ఈ రెండు పేర్లకూ ఆధారం కంటికి కనిపించే రూపమే.

తెలుగువారు రూపాన్నిగాక చేతిపనిని చూచారు. చుట్టబడినది చుట్ట. పాము చుట్ట, కుండ క్రింది చుట్టకుదురు ఆ ధాతువునుండి పుట్టినవే. మనను చుట్టి ఉండే చుట్టం కూడ ఆ కుటుంబంలోనివాడే. తమిళుల ‘శురుట్టు’కు సైతం చుట్టడమే అర్థం. అది పోర్చుగీసులో ‘చరూతో’గా, ఇంగ్లీషులో ‘చెరూట్’గా మారి పడమటికి పోయినది. ఉత్తరాంధ్ర స్త్రీలు కాలే కొనను నోటిలో పెట్టుకొని త్రాగే పద్ధతికి ‘అడ్డపొగ’ అని పేరు. అంగిలిలో పుట్టే కాన్సరుకు ఆ అలవాటు కారణమని వైద్యులు నిర్ధారించారు. ఇక్కడ కూడ పేరు క్రియనే చెప్పుతున్నది.

ఈ భేదం అనువాదకునికి చిక్కు తెచ్చిపెట్టుతుంది. ‘కన్యాశుల్కం’లోని గిరీశం చుట్టను ఇంగ్లీషులో ‘చెరూట్’ అంటే చాలును; రెండు పదాలలోను చుట్టడమే ఉన్నది. కాని యూరోపియన్ నవలలో ధనికుడు ముట్టించిన పనెతేలాను ఉత్త ‘చుట్ట’ అంటే తెలుగు పాఠకునికి గోదావరి లంకపొగాకు ఘాటు తగులుతుంది. పాత్ర అంతస్తు మారిపోతుంది. మూలపదాన్ని అట్లే ఉంచితే శబ్దం మిగులుతుంది, అర్థం మిగలదు. మొదటిసారి ‘సన్నని పొడవాటి పనెతేలా చుట్ట’ అని, ఆ పైన ‘పనెతేలా’ అని వ్రాయడం మేలు. అప్పుడు ఆకారం తెలుస్తుంది, పరాయిదనమూ నిలుస్తుంది. లోపలి రొట్టె వాసన మాత్రం అనువాదానికి అందదు; దానిని చూపడం నిఘంటువు పని.