ఉత్తర తెలంగాణ కళలో స్త్రీవాద దృష్టి

స్త్రీవాద కళ అనగా స్త్రీల అనుభవాన్ని, స్త్రీపురుషుల మధ్యనున్న అసమానతను కేంద్రంగా చేసుకొని 1960వ దశకం చివర అమెరికా, ఐరోపాలలో రూపుదిద్దుకొని, తరువాత ఇతర దేశాలకు వ్యాపించిన కళాధోరణి. బొమ్మలో స్త్రీ ఉన్నంత మాత్రాన అది స్త్రీవాద కళ కాదు. ఆ బొమ్మను ఎవరు గీశారు, ఎవరి కంటితో చూశారు, ఏ పనిని కళగా లెక్కించారు, దేనిని ఇంటిపనిగా వదిలివేశారు అన్నవి ఈ ధోరణి లేవనెత్తిన ప్రశ్నలు. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలకు ఈ ప్రశ్నలు బాగా వర్తిస్తాయి. ఆధునిక భారతీయ చిత్రకళలో ఇక్కడి గ్రామీణ స్త్రీ రూపం ఎంతో ప్రసిద్ధి పొందినది. చిత్రకారిణిగా మాత్రం ఆమె పేరు అరుదుగా వినబడుతుంది.

నేపథ్యం

1971లో అమెరికన్ కళాచరిత్రకారిణి లిండా నోక్లిన్, గొప్ప చిత్రకారిణులు ఎందుకు లేరన్న ప్రశ్నతో ఒక వ్యాసం వ్రాసింది. లోపం స్త్రీల ప్రతిభలో లేదని, వారిని శిక్షణకు దూరంగా ఉంచిన సంస్థలలో ఉన్నదని ఆమె వాదన. న్యూయార్క్‌లో 1985లో ఏర్పడిన గెరిల్లా గర్ల్స్ బృందం, 1989 నాటి తన పోస్టరులో ఒక లెక్కను ప్రకటించింది: మెట్రోపాలిటన్ మ్యూజియం ఆధునిక కళా విభాగాలలో కళాకారిణులు 5 శాతం కంటే తక్కువ, అక్కడి నగ్న చిత్రాలలో 85 శాతం స్త్రీలవి.

జూడీ చికాగో 1974-79 మధ్య నిర్మించిన 'ది డిన్నర్ పార్టీ' మరొక ముఖ్యమైన కృతి. త్రికోణాకారపు బల్లపై 39 మంది స్త్రీలకు వడ్డన స్థానాలు, పింగాణీ పళ్ళాలు, కుట్టుపని చేసిన వస్త్రాలు ఇందులో ఉన్నాయి. ఈ 39లో భారతదేశం నుండి స్థానం దొరికినది కాళికాదేవికి. మన చరిత్రలో జీవించిన స్త్రీ ఒక్కరూ ఆ బల్ల దగ్గర లేరు.

భారతదేశంలో నళినీ మలానీ, నీలిమా షేఖ్, అర్పితా సింగ్, మాధవీ పరేఖ్ 1987-89 కాలంలో కలిసి ప్రదర్శనలు నిర్వహించారు. నీలిమా షేఖ్ 1984లో గీసిన 'వెన్ చంపా గ్రూ అప్' వరుస చిత్రాలు వరకట్న మరణానికి సంబంధించినవి. తెలుగునాట స్త్రీవాదం ముందుగా కవిత్వంలో, కథలో బలపడినది. ఓల్గా సంపాదకత్వంలో 'నీలిమేఘాలు' కవితా సంకలనం 1993లో వెలువడినది.

వైకుంఠం చిత్రాలు

తోట వైకుంఠం 1942లో నాటి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లి గ్రామంలో జన్మించాడు. హైదరాబాదులో చిత్రకళ అభ్యసించి, తరువాత బరోడాలో కె.జి.సుబ్రమణ్యన్ వద్ద శిక్షణ పొందాడు. పెద్ద కుంకుమ బొట్టు, నిండైన శరీరం, ఎరుపు, పసుపు వంటి ముదురు రంగుల చీరలు, నగలు కలిగిన తెలంగాణ పల్లె స్త్రీలు ఇతని చిత్రాల ద్వారా దేశ విదేశాలలో పరిచితులైనారు. ఈ రూపాలకు తన తల్లి ప్రేరణ అని ఇతడు చెప్పుకొన్నాడు. చిన్నతనంలో ఊరికి వచ్చే నాటక బృందాలలో ఆడవేషం కట్టిన మగవారు కూడా ఇతనిని ఆకర్షించారు. ఇది గమనించదగిన విషయం. రంగస్థలంపై స్త్రీ వేషాన్ని పురుషుడే ధరించిన సమాజం నుండి, స్త్రీ రూపాన్ని పురుషుడే చిత్రించిన కళ వచ్చినది.

అయితే ఈ చిత్రాలను గెరిల్లా గర్ల్స్ విమర్శించిన నగ్న చిత్రాల సరసన చేర్చడం న్యాయం కాదు. నగరపు గోడలపై చోటు లేని శ్రామిక స్త్రీకి వైకుంఠం గౌరవస్థానం కల్పించాడు. కాని ఆమె రంగులు కనబడినంతగా ఆమె కష్టం ఈ చిత్రాలలో కనబడదు.

ఆ కష్టాన్ని చూపిన కృతికి కూడా వైకుంఠం పనిచేశాడు. బి.నర్సింగరావు దర్శకత్వం వహించిన 'దాసి' (1988) చిత్రానికి ఇతడు కళాదర్శకుడు. 1920ల నాటి తెలంగాణ గడీలో వెట్టి బ్రతుకు గడిపే కమలాక్షి అనే దాసి ఇందులో కథానాయిక. దొర వలన గర్భవతి అయిన ఆమెకు బలవంతంగా గర్భస్రావం చేయించడం కథలోని ముఖ్య ఘట్టం. కమలాక్షిగా నటించిన అర్చనకు ఉత్తమ నటిగా, వైకుంఠానికి ఉత్తమ కళాదర్శకునిగా జాతీయ పురస్కారాలు లభించాయి. గడీల అధికారంపై కరీంనగర్ జిల్లా జగిత్యాల ప్రాంతపు రైతుకూలీలు 1978లోనే పెద్దయెత్తున తిరగబడి ఉన్నారు గనుక, ఇక్కడి ప్రేక్షకులకు ఈ కథ పాతకాలపు ముచ్చట కాదు. స్త్రీలు తమ మాటలలోనే చెప్పిన చరిత్ర కావాలనుకొనేవారు స్త్రీశక్తి సంఘటన 1986లో ప్రచురించిన 'మనకు తెలియని మన చరిత్ర'ను చూడవచ్చు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల కథనాలు అందులో ఉన్నాయి.

బతుకమ్మ, ముగ్గు

కుట్టుపని, పింగాణీపై చిత్రణ వంటివాటిని కళగా గుర్తించాలన్నది స్త్రీవాద కళాకారిణుల ముఖ్యమైన వాదనలలో ఒకటి. ఆ దృష్టితో చూస్తే బతుకమ్మకు ప్రాధాన్యం ఏర్పడుతుంది. మహాలయ అమావాస్య నాటి ఎంగిలిపూల బతుకమ్మ మొదలు సద్దుల బతుకమ్మ వరకు తొమ్మిది రోజులపాటు స్త్రీలు పూలు పేరుస్తారు. గునుగు పూల కాడలను సమంగా కోసి, రంగులలో ముంచి, తాంబాళంలో తంగేడు, బంతి, చామంతులతో కలిపి వలయాలుగా పైకి పోను పోను సన్నగా పేర్చడానికి మంచి నేర్పు కావాలి. పొడవు తేడా వస్తే వరుస ఒరిగిపోతుంది. నడుమ ఆకులతో నింపి, శిఖరాన పసుపు గౌరమ్మను నిలిపి, చుట్టూ ఆడిపాడి చెరువులో వదులుతారు. పేర్చినవారి పేరు ఎక్కడా ఉండదు. వాకిట ముగ్గు కూడా ఇటువంటిదే. తెల్లవారి వేసినది సాయంత్రానికి కాళ్ళక్రింద చెరిగిపోతుంది.

పేరు లేకపోవడం స్త్రీల పనికి మాత్రమే పరిమితం కాదు. నిర్మల్ బొమ్మలు, కరీంనగర్ వెండి నగిషీ, ఆదిలాబాద్ డోక్రా మూడింటికీ భౌగోళిక గుర్తింపు లభించినది. అది ఊరిపేరుకు దక్కే గుర్తింపు, చేసిన మనిషికి కాదు. అలాగే బతుకమ్మను స్త్రీవాద కళగా పిలవడం కూడా తొందరపాటే. అది గౌరీపూజతో ముడిపడిన పండుగ, నిరసనగా పుట్టినది కాదు.

2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయినది. ఉద్యమకాలంలో ప్రచారంలోకి వచ్చిన తెలంగాణ తల్లి విగ్రహం కిరీటంతో, ఆభరణాలతో, ఒక చేతిలో బతుకమ్మతో ఉండేది. 2024 డిసెంబరు 9న హైదరాబాదు సచివాలయంలో ఆవిష్కరించిన కొత్త విగ్రహానికి కిరీటం లేదు, బతుకమ్మ లేదు. ఆకుపచ్చ చీర, చేతిలో పంటల కంకులు ఉన్నాయి. ఈ మార్పుపై రాజకీయ పక్షాల మధ్య జరిగిన వాదోపవాదాలు ఎక్కువగా కిరీటం, నగలు, చేతిలోని వస్తువుల చుట్టూనే నడిచాయి.