చెరగని చీటీ

బాలలూ! రైల్లో పంపే మూటకు పేరూ, ఊరూ రాసిన చీటీ కడతారు గదా. వానకు తడిసి దానిమీది సిరా అలుక్కుపోతే మూట ఎవరిదో చెప్పేదెవరు? చెరగని చీటీ ఎలా చేయాలో చూద్దాం.

మన సికింద్రాబాదుకు 1874లో రైలు వచ్చింది. ఇక్కడినుంచి మన్మాడు వెళ్ళే దారిలో ఔరంగాబాదు ఉంది. దాని పేరిప్పుడు ఛత్రపతి శంభాజీనగర్. దాని సమీపాన, దౌలతాబాదు కోట దగ్గర ఉన్న కాగజీపురా తరతరాలుగా చేతికాగితానికి ప్రసిద్ధి. 1956 వరకు ఆ ఊరు హైదరాబాదు రాష్ట్రంలోదే. 'కాగజ్' అంటే కాగితమే.

గుడ్డపీలికలను నానబెట్టి, దంచి, ఆ గుజ్జును నీళ్ళలో కలిపి జల్లెడమీద పలుచగా తీసి ఆరబెడితే కాగితమవుతుంది. దానిలో పోగుల మధ్య సన్నని సందులుంటాయి. దీపపు వత్తి నూనెను లాగినట్లు అవి సిరాను లాగుతాయి. అందుకే పూర్వపు పనివాళ్ళు కాగితానికి గంజి పట్టించి, ఆరాక నున్నని రాతితో రుద్దేవారు. గంజి ఆ సందులను పూడుస్తుంది.

మీరే పరీక్షించండి. చేతికాగితంమీద సిరాచుక్క వేయండి. చుక్క పాకిందా? అయితే అది గంజి పట్టని కాగితం, మనకు కావలసింది అదే. మూడు చీటీలు కత్తిరించండి. మొదటిదాన్ని అలాగే ఉంచండి. మిగిలిన రెంటికీ పలుచని బియ్యపుగంజి పూసి ఆరబెట్టండి.

ఒకే కలంతో మొదటి రెండు చీటీలమీద మీ పేరు రాయండి. మొదటిదానిమీద అక్షరాలకు మీసాలు మొలుస్తాయి! రెండోదానిమీద గీత శుభ్రంగా నిలుస్తుంది.

మూడోదానిమీద కొవ్వొత్తితో పువ్వు గీసి, పైన నీళ్ళరంగు పూయండి. మైనానికి నీరు అంటదు. పువ్వు తెల్లగానే మిగులుతుంది. పూర్వం కోరమాండల్ తీరపు అద్దకంవాళ్ళు నీలిరంగు పడకూడని చోట గుడ్డకు మైనం పూసింది ఇందుకే.

ఇప్పుడు రెండో చీటీమీది పేరు బాగా ఆరాక, సగం పేరుమీద మాత్రం కొవ్వొత్తి రుద్ది, చీటీ అంతటా నీళ్ళు చిలకరించండి. ఏ సగం అలుక్కుపోయిందో చూడండి.

ఎండమాట ఏమిటి? చాలా రంగుసిరాలు ఎండకు వెలిసిపోతాయి. దీపపు మసిని తుమ్మబంక నీళ్ళలో నూరిన సిరా వెలవదు, ఎందుకంటే మసి అంటే కర్బనమే. మసి పట్టే పని పెద్దవాళ్ళచేత చేయించుకోండి. అయితే బంక నీళ్ళలో కరుగుతుంది గనుక, దానిమీద కూడా మైనం రుద్దాలి.

అడుగున గంజి, నడుమ మసిసిరా, పైన మైనం: ఇదీ మీ చీటీ. ఈసారి ఊరికి వెళ్ళేటప్పుడు సంచికి కట్టి చూడండి.