ఉభాలకు ఇరవై మంది.. వెబ్‌సైటుకు ఇరవై యంత్రాలు!

విజయనగరం: వానలు పడి చెరువు నిండిన తర్వాత ఏ రైతూ ఒక్కడే మడిలో దిగి నాట్లు వేసుకుంటూ కూర్చోడు. ఇరవై మంది కూలీలను పిలిచి, పొద్దు గుంకేలోగా ఉభాలు ముగిస్తాడు. ఇదే కిటుకును కంప్యూటరు రంగం వెబ్‌సైట్ల పరీక్షకు వాడుకుంటోంది. ఈ విద్య తెలిసిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల యువకులు హైదరాబాదు, బెంగళూరు నగరాల్లో దీనితోనే బతుకుతున్నారు.

ఇంతకీ ఈ పరీక్ష ఎందుకు? వెబ్‌సైటు తయారు చేసినవాడి కంప్యూటరులో అన్నీ సవ్యంగానే ఉంటాయి. అదే పేజీని పాత ఫోనులో తెరిస్తే కింది బటను కనబడకపోవచ్చు. తేదీ వేసే గడి తెరుచుకోకపోవచ్చు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్, సఫారీ వంటి బ్రౌజర్లు పేజీని ఎవరి పద్ధతిలో అవి చూపిస్తాయి. ఒక్కోదానిలో కొత్తవీ, పాతవీ అనేక రకాలున్నాయి. సీతంపేట కొండల నుంచి దిగివచ్చిన గిరిజనుడి దరఖాస్తు ఇలాంటి లోపం వల్ల ఆగిపోతే, ఆ రోజు కూలీ, బస్సు చార్జీ రెండూ దండగే. పరీక్షించనందుకు నష్టపోయేది చివరికి ఇలాంటి వారే.

పాదరసానికి విరుగుడు

పూర్వం ఈ పరీక్షలన్నీ మనుషులే చేసేవారు. ఒకే ఫారాన్ని వందసార్లు నింపి చూసేవారు. 2004లో అమెరికాలోని షికాగోలో థాట్‌వర్క్స్ సంస్థ ఉద్యోగి జేసన్ హగ్గిన్స్ ఈ చాకిరీ తప్పించేందుకు ఒక సాధనం తయారు చేశారు. దాని పేరే సెలీనియం. అప్పట్లో ఈ రంగంలో మెర్క్యురీ అనే పెద్ద కంపెనీ ఉండేది. మెర్క్యురీ అంటే పాదరసం కూడా. పాదరస విషానికి సెలీనియం విరుగుడన్న మాటను పట్టుకొని హాస్యానికి ఆ పేరు పెట్టడం విశేషం.

పరీక్షకుడు రాసిచ్చిన క్రమం ప్రకారం ఈ సాధనం బ్రౌజరును తెరుస్తుంది, అక్షరాలు కొడుతుంది, బటను నొక్కుతుంది. రావలసిన జవాబు వచ్చిందో లేదో సరిచూస్తుంది. వస్తే పచ్చగుర్తు, రాకుంటే ఎర్రగుర్తు.

మేస్త్రీ, కూలీలు

కాగా, ఒక్క కంప్యూటరు మీదే పని జరిగితే యంత్రానికైనా కాలం పడుతుంది. ఒక్కోటి రెండు నిమిషాల చొప్పున 300 పరీక్షలుంటే 10 గంటలు కావాలి. ఈ ఇబ్బందికి విరుగుడుగా 2008లో ఫిలిప్ హాన్రిగూ సెలీనియం గ్రిడ్‌ను రూపొందించారు. ఇందులో 'హబ్' అనేది మేస్త్రీ వంటిది. 'నోడ్' అనేవి కూలీల వంటివి. ఖాళీగా ఉన్న నోడ్ ఏదో చూసి హబ్ పని అప్పగిస్తుంది. 20 నోడ్‌లుంటే ఒక్కోదాని వాటాకు 15 పరీక్షలే వస్తాయి. పది గంటల పని అరగంటలో తేలిపోతుంది.

అయితే ఏ పరీక్ష పని దానిదిగా ఉండాలి. ఒక పరీక్ష వాడుతున్న ఖాతాను అదే సమయంలో మరొకటి మార్చేస్తే, ఒకరు నాటిన నారును వెనకాలే మరొకరు పీకినట్లవుతుంది.

కొనడమా, అద్దెకా?

అన్ని రకాల కంప్యూటర్లు, ఫోన్లు కొనడం చిన్న కంపెనీల తరం కాదు. ట్రాక్టరు కొనలేని రైతు అద్దెకు తెచ్చుకున్నట్లే, వీటిని ఇంటర్నెట్ ద్వారా అద్దెకిచ్చే సంస్థలు వెలిశాయి. 2008లో అమెరికాలో సాస్ ల్యాబ్స్, 2011లో ముంబయిలో బ్రౌజర్‌స్టాక్ ప్రారంభమయ్యాయి. పరీక్షలో హబ్ చిరునామా మార్చి, తమ ఖాతా వివరాలు జతచేసి, ఏ బ్రౌజరు కావాలో చెబితే చాలు. పరీక్ష ఎక్కడ ఆగిందో వీడియో తీసి మరీ చూపిస్తారు. ఒకేసారి ఎన్ని పరీక్షలు నడుపుకోవచ్చన్న లెక్కను బట్టి సాధారణంగా అద్దె ఉంటుంది.

ఇబ్బందులూ లేకపోలేదు. యంత్రం ఎక్కడో దూరాన ఉంటుంది గనుక ప్రతి నొక్కుడుకూ కొంత ఆలస్యం తప్పదు. పేజీ పూర్తిగా రాకముందే బటను కోసం వెతికి, లోపం లేకున్నా ఎర్రగుర్తు వేస్తుంది. ఇన్ని క్షణాలు ఆగమని గుడ్డిగా రాయడం కంటే, బటను కనిపించే వరకు ఆగమని రాయడం మేలు. అద్దె యంత్రాల్లో ప్రజల అసలు ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు వాడకపోవడం క్షేమం. కల్పిత వివరాలతోనే పరీక్షించాలి.

అమీర్‌పేట దాకా ఎందుకు?

ఇదిలా ఉండగా, ఈ విద్య కోసం మన యువకులు హైదరాబాదు అమీర్‌పేట కోచింగ్ సెంటర్లకు వెళ్లి, అద్దె గదుల్లో ఉంటూ ఫీజులు కడుతున్నారు. చేత్తో పరీక్షించడం మాత్రమే తెలిసిన వారికి ఉద్యోగం దొరకడం కష్టమవుతోంది. ప్రోగ్రాం రాయడం వచ్చినవారికే ముందు పిలుపు వస్తోంది.

నిజానికి సెలీనియం పూర్తిగా ఉచితం. కాలేజీ ల్యాబులోని ఒక కంప్యూటరును హబ్‌గా, మిగిలినవాటిని నోడ్‌లుగా పెట్టుకుంటే సొంత గ్రిడ్ సిద్ధమవుతుంది. జావా, బ్రౌజర్లు, ల్యాబులోని నెట్‌వర్కు ఉంటే చాలు. రాజాం, టెక్కలి, విజయనగరం ప్రాంతాల్లో ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. సాయంత్రం ల్యాబులకు తాళం వేసే బదులు రెండు గంటలు తెరిచి ఉంచితే, ఎందరో తల్లిదండ్రులకు అప్పు తప్పుతుంది.

ఒక్క మాట మాత్రం మరువరాదు. యంత్రం తనకు చెప్పిన చోటే చూస్తుంది. గళ్లు ఎక్కువై చదువురాని రైతు తికమకపడితే దానికి తెలియదు, పచ్చగుర్తే వేస్తుంది. ఆ ఇబ్బందిని పట్టుకోవలసింది ఆ రైతు ఇంట పుట్టి చదువుకున్న బిడ్డే.