డబ్బా మూత తీస్తే కూత

అమ్మ పంపిన సున్నుండలు హాస్టల్లో మూడు రోజులు ఉంటే గొప్ప. పోయిన సెమిస్టర్లో నా స్టీలు డబ్బా రెండో రోజుకే సగం ఖాళీ. ఎవర్ని అడిగినా "నాకేం తెలుసు మామా" అనే సమాధానమే. సరే, డబ్బానే చెప్పిద్దాం అనుకున్నా. మూత తీయగానే లోపల వెలుతురు పడాలి, బజర్ మోగాలి. అంతే ప్లాన్.

కావలసినవి: ఒక ఎల్‌డీఆర్, ఒక బీసీ547 ట్రాన్సిస్టర్, 100 కిలో ఓమ్‌ల ప్రీసెట్, 1 కిలో ఓమ్ రెసిస్టర్, 9 వోల్టుల బ్యాటరీ, చిన్న బజర్. బజర్ కొనేటప్పుడు బ్యాటరీ తగిలిస్తే తనంతట తనే మోగే రకం అడగండి. రెండో రకంలో లోపల ఆసిలేటర్ ఉండదు, ఒక్కసారి "టిక్" మని ఊరుకుంటుంది.

కనెక్షన్ ఇలా. బ్యాటరీ ప్లస్ నుంచి 1 కే రెసిస్టర్, దాని తర్వాత ఎల్‌డీఆర్, అక్కణ్నుంచి ట్రాన్సిస్టర్ బేస్. అదే బేస్ నుంచి మైనస్‌కి ప్రీసెట్. ఎమిటర్ నేరుగా మైనస్‌కి. బజర్ ప్లస్ కాలు బ్యాటరీ ప్లస్‌కి, రెండో కాలు కలెక్టర్‌కి. బీసీ547 చదునైన ముఖం మనవైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. ఆ 1 కే ఎందుకంటే, ఎండలో ఎల్‌డీఆర్ నిరోధం బాగా పడిపోతుంది. అప్పుడు బేస్‌లోకి కరెంటు వరదలా పోయి ట్రాన్సిస్టర్ కాలిపోకుండా అది ఆపుతుంది.

ఇప్పుడు అసలు కిటుకు. చీకట్లో ఎల్‌డీఆర్ నిరోధం మెగా ఓమ్ దాకా పోతుంది. ట్యూబ్‌లైట్ వెలుతురులో కొన్ని కిలో ఓమ్‌ల నుంచి కొన్ని పదుల కిలో ఓమ్‌లకి దిగుతుంది. ఎల్‌డీఆర్, ప్రీసెట్ కలిసి 9 వోల్టుల్ని పంచుకుంటాయి. ప్రీసెట్ వాటా సుమారు 0.65 వోల్టులకి చేరితే ట్రాన్సిస్టర్ మేలుకుంటుంది. లెక్క వేస్తే, ఎల్‌డీఆర్ నిరోధం ప్రీసెట్ విలువకి దాదాపు 13 రెట్ల కంటే తగ్గినప్పుడు బజర్ మోగుతుందన్నమాట. ప్రీసెట్ 10 కే దగ్గర ఉంటే 130 కే లోపు. అదే 100 కే దగ్గర పెడితే చిన్న సందులోంచి వచ్చే వెలుతురుకి కూడా కూత మొదలు.

ఇక్కడి దాకా పుస్తకంలో ఉన్నదే. నా సర్క్యూట్ మాత్రం మొదటిరోజు ఒక వింత చేసింది. మూత మూసి బ్యాటరీ తగిలిస్తే నిశ్శబ్దం. మూత తీస్తే కూత. బాగానే ఉంది కదా! మళ్లీ మూత మూస్తే... ఆగదు. బ్యాటరీ పీకితే తప్ప ఆగదు. ట్రాన్సిస్టర్ పోయిందనుకుని వరసగా మూడు మార్చా. అదే కూత. పక్క రూముల వాళ్లు తలుపులు కొట్టడం మొదలుపెట్టారు.

అప్పుడు ఒక సీనియర్ అన్న వచ్చి ఒకటే మాట అడిగాడు: "బేస్ దగ్గర ఎంత ఉందో చూశావారా?" చూడలేదు. మూత కొంచెం పక్కకి జరిపి, పైన టవల్ కప్పి, మల్టీమీటర్ పెడితే దాదాపు 0.7. ఎల్‌డీఆర్ ఒక కాలు పీకాం, బజర్ ఆగింది. అంటే ట్రాన్సిస్టర్ తప్పేం లేదు, దానికి ఎవరో "వెలుతురుంది" అని చెప్తున్నారు. మూసిన డబ్బాలో వెలుతురెక్కడిది? టవల్ సందులోంచి చూస్తే ఎర్రగా వెలుగు. షోకి బాగుంటుందని బజర్‌తో పాటు వెలిగేలా నేనే ఒక ఎల్‌ఈడీ పెట్టా, అదీ ఎల్‌డీఆర్ పక్కనే! బజర్ మోగితే ఎల్‌ఈడీ వెలుగుతుంది, ఆ వెలుగు ఎల్‌డీఆర్ మీద పడుతుంది, దాంతో బజర్ మోగుతూనే ఉంటుంది. కాలేజీ ఫెస్ట్‌లో మైకు స్పీకర్ ముందుకెళ్తే వచ్చే ఈల కూడా ఈ చక్రమే. ఎల్‌ఈడీ తీసేశా, గొడవ వదిలింది.

మీకు వేరే తంటాలు రావచ్చు. చీకట్లో మోగి వెలుతురులో ఆగితే ఎల్‌డీఆర్, ప్రీసెట్ తారుమారయ్యాయి. అసలు మోగకపోతే ప్రీసెట్ సున్నా వైపు ఉందేమో తిప్పి చూడండి. కూత నీరసంగా ఉంటే బజర్ మోగుతుండగానే బ్యాటరీ వోల్టేజ్ కొలవండి. ఖాళీగా కొలిస్తే ముసలి బ్యాటరీ కూడా 9 చూపించి మోసం చేస్తుంది. స్టీలు డబ్బా అయితే బోర్డు కింద అట్టముక్క వేయండి, లేదంటే టాంకా కాళ్లు అడుగుకి తగిలి షార్ట్ అవుతాయి. ఏదేమైనా, పార్టు మార్చే ముందు కొలవండి. ల్యాబ్‌లో రెడీ కిట్ మీద రీడింగులు రాసుకున్నన్నాళ్లూ నాకు ఈ అలవాటు రాలేదు.

ఒక్క మాట సీరియస్‌గా. వైర్లు, బ్యాటరీ, కూత ఉన్న డబ్బాని బస్టాండులోనో రైల్లోనో వదలొద్దు, అక్కడ దాన్ని ఎవరూ జోక్ అనుకోరు. గుండె జబ్బు ఉన్నవాళ్ల మీద, రేపు పరీక్ష ఉన్నవాళ్ల మీద కూడా వద్దు.

ఇంతకీ దొంగ దొరికాడా? మూడు రాత్రులు చెవులు రిక్కించి పడుకున్నా. నాలుగో రోజు పొద్దున డబ్బాలో ఒక్క ఉండ కూడా లేదు. బజర్ కిక్కురుమనలేదు. సర్క్యూట్ మొత్తం చెక్ చేశా, అన్నీ కరెక్టే. తర్వాత వెలిగింది: వాడు లైటు వేయకుండా, చీకట్లోనే మూత తీశాడు. నేను కట్టింది వెలుతుర్ని పట్టే సర్క్యూట్, మూత తీయడాన్ని పట్టేది కాదు.

చీకట్లో అది లాగే కరెంటు 10 మైక్రో ఆంపియర్ల లోపే. అందుకే సున్నుండలు అయిపోయినా, బ్యాటరీ మాత్రం నిండుగా ఉంది.